శుభలేఖ ఇంట్లో చేసుకుంటే: పౌడర్ కరిగించాలా, కాగితం నొక్కాలా?

మా చెల్లి పెళ్లికి దగ్గరివాళ్లకి ఇవ్వడానికి 40 శుభలేఖలు, ఆ తర్వాత రెండేళ్లకి మా గృహప్రవేశానికి 120 పిలుపు కార్డులు, రెండూ కాకినాడలో మా ఇంట్లో హాల్లో చాప పరుచుకుని చేసినవే. మొదటివి హీట్ ఎంబాసింగ్, రెండోవి డ్రై ఎంబాసింగ్. ఏది మేలని అడిగినవాళ్లందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తా: కార్డు తెలుగులో ఉండి, లెక్క 50 దాటితే, డ్రై ఎంబాసింగే. హీట్ ఎంబాసింగ్‌ని ఒక్క వినాయకుడి బొమ్మకో, ఒక్క పెద్ద ‘శ్రీ’కో ఉంచుకోండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. హీట్ ఎంబాసింగ్ అంటే స్టాంపుకి తొందరగా ఆరని జిగట ఇంకు అద్ది కార్డు మీద వేస్తాం, తడి ఆరకముందే సన్నటి ఎంబాసింగ్ పౌడర్ చల్లుతాం, ఇంకు ఉన్నచోట అది పట్టుకుంటుంది, మిగిలింది వేరే కాగితం మీదకి దులిపి మళ్లీ డబ్బాలో పోసుకుంటాం, ఆ తర్వాత హీట్ గన్‌తో వేడి చేస్తే పౌడర్ కరిగి ఉబ్బెత్తుగా గట్టిపడుతుంది. వేలికి ఎత్తుగా తగిలే విజిటింగ్ కార్డులు చూసే ఉంటారు, ప్రెస్సుల్లో థర్మోగ్రఫీ అంటారు, అదీ ఇదే పద్ధతి. డ్రై ఎంబాసింగ్‌లో ఇంకూ లేదు, వేడీ లేదు. ఒకవైపు గుంట, రెండోవైపు దానికి సరిపోయే ఎత్తు ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్‌లో కార్డు పెట్టి, చేత్తో తిప్పే రోలర్ మెషీన్‌లోంచి పంపితే కాగితమే పైకి లేస్తుంది.

అందం మాట అడిగితే హీట్ ఎంబాసింగ్‌కి సాటి లేదు, అది ఒప్పుకోవాలి. మెరూన్ కార్డు మీద బంగారు పౌడర్ చల్లినప్పుడు పిండి రాలినట్టు పేలవంగా ఉంటుంది. హీట్ గన్ రెండంగుళాల దూరంలో పట్టుకుని రెండు మూడు సెకన్లు ఆగితే, ముందు ఒక అంచు తడి అయినట్టు మెరుస్తుంది, అక్కడి నుంచి ఆ మెరుపు పాకుతూ వెళ్లి బొమ్మంతా కరిగిన బంగారంలా అయిపోతుంది. అది చూడటానికే మా పెదనాన్నగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవారు. మెరిసిన వెంటనే గన్ పక్కకి జరపాలి. ఇంకాసేపు ఉంచితే పౌడర్ కాగితంలోకి ఇంకిపోయి, ఎత్తు పోయి, నూనె మరకలా మిగులుతుంది. మా మొదటి 5 కార్డులు అలాగే పోయాయి. హెయిర్ డ్రయ్యర్ ఉంది కదా అని దాంతో ప్రయత్నించకండి, కరిగించేంత వేడి రాదు, పైగా ఆ గాలికి పౌడరంతా ఎగిరిపోతుంది.

గాలి అన్నాను కాబట్టి, పెళ్లిళ్లు ఎక్కువగా ఎండాకాలంలోనే కదా. మేం చేసింది మే నెలలో. పౌడర్ ఎగురుతుందని ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాం. అమ్మ వచ్చి ‘ఇదేం చాదస్తమే, చెమటలు కక్కుతున్నారు’ అని స్విచ్ వేసింది, అంతే, అప్పటిదాకా చల్లి పెట్టిన 3 కార్డుల మీది పౌడర్ చాప నిండా. సముద్రం పక్క ఊళ్లలో ఇంకో చిక్కుంది. చెయ్యి చెమ్మగా ఉంటే కార్డు మీద వేలు తగిలినచోటల్లా పౌడర్ అంటుకుంటుంది, వేడి చేశాక అవి బంగారు చుక్కలై గోకినా పోవు. స్టాంపు వేసేముందు కార్డు మీద కాస్త టాల్కం పౌడర్ అద్ది దులిపేస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. ఏసీ గది ఉన్నవాళ్లకి, హైదరాబాద్‌లో చలికాలంలో చేసేవాళ్లకి ఇంత ఇబ్బంది ఉండదనుకోండి.

అసలు కారణం ఇంకా చెప్పలేదు. మన అక్షరాలు. దుకాణాల్లో రెడీమేడ్ స్టాంపులన్నీ ఇంగ్లిష్ అక్షరాలకి చేసినవి, ఆ పౌడర్ కరిగి కాస్త వ్యాపించినా ఇంగ్లిష్ అక్షరం అక్షరంలాగే ఉంటుంది. మనవి గుండ్రాలు, లోపల సన్నని ఖాళీలు, పైన తలకట్లు, కింద ఒత్తులు. ‘శుభమస్తు’ అని 5 మిల్లీమీటర్ల ఎత్తులో వేస్తే ‘భ’ కడుపు పూడుకుపోతుంది, ‘స’ కింద ఉన్న తావత్తు ఒక గోళీలా అవుతుంది. సూపర్ ఫైన్ పౌడర్ అని దొరుకుతుంది, దానితో కొంత నయం, కానీ ఒక్కో అక్షరం సుమారు సెంటీమీటరు ఎత్తు లేకపోతే నాకు తృప్తి కలగలేదు. అంత అక్షరంతో కార్డంతా ఎలా రాస్తాం? ముహూర్తం, పేర్లు, వేదిక మామూలు ప్రింటే వేయించుకోవాలి. ప్రింటు ఎలాగూ తప్పనప్పుడు ఎంబాసింగ్ పని అలంకారమే. అందుకే ఎక్కువ కార్డులకి డ్రై మేలని అంటున్నాను.

అయినా తెలుగు స్టాంపు చేయించుకోవాలనుకుంటే ఒక జాగ్రత్త. మేం టైపు చేసిన మాట షాపుకి పంపితే వాళ్ల కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోయి ‘శ్‌రీరస్‌తు’ అని వచ్చింది, రబ్బరు కోశాక గానీ చూసుకోలేదు, 450 రూపాయలు పోయాయి. మాట టైపు చేసి పంపకండి, బొమ్మగా గానీ పీడీఎఫ్‌గా గానీ ఇవ్వండి, కోసేముందు ఒక నమూనా అడిగి ఒత్తు ఒత్తూ చూడండి. ఇంకోటి, ఆఫీసుల్లో వాడే సెల్ఫ్ ఇంకింగ్ స్టాంపు దీనికి పనికిరాదు, ఆ ఇంకు వెంటనే ఆరిపోతుంది, పౌడర్ పట్టదు. పిడి ఉన్న మామూలు స్టాంపు చేయించుకుని, నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకు ప్యాడ్ గానీ రంగులేని ఎంబాసింగ్ ప్యాడ్ గానీ వేరుగా కొనుక్కోండి.

డ్రై ఎంబాసింగ్‌లో లోటు వేరే రకం. దొరికే ఫోల్డర్లన్నీ గులాబీలు, మంచు పూలు, ఇటుక గోడలు. మామిడి తోరణం, పూర్ణకుంభం కావాలంటే వెతికి వెతికి వేసారిపోతాం. మెషీన్ ఖర్చు కూడా ఎక్కువే, నాకు 7 వేలయింది, హీట్ గన్, పౌడర్, ప్యాడ్ అన్నీ కలిపినా 2 వేలు దాటలేదు. ఒక్క పెళ్లికి, 30 కార్డులకి అయితే మెషీన్ కొనకండి, అది నిజంగా దండగ. కానీ పని మొదలుపెట్టాక చూడండి, హీట్ ఎంబాసింగ్‌కి ఒక్కో కార్డుకి 6, 7 నిమిషాలు పట్టేది, ఇది నిమిషంలో అయిపోతుంది. 120వ కార్డు కూడా అచ్చం మొదటి కార్డులాగే వచ్చింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పిల్లలు వచ్చి హ్యాండిల్ తిప్పారు, ఎవరికీ చెయ్యి కాలుతుందన్న టెన్షన్ లేదు.

మెషీన్ లేకుండా కూడా ఒక దారి ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. కార్డుని బోర్లా తిప్పి, కింద మెత్తటి మౌస్ ప్యాడ్ వేసి, సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో వెనకవైపు నుంచి నొక్కుతూ గీస్తే ముందువైపు గీత ఉబ్బుతుంది. వెనక నుంచి గీస్తాం కాబట్టి అక్షరాలైతే తిరగేసి రాయాలి, అది అందరికీ కుదరదు. ముగ్గుకి ఆ బాధ లేదు. ఎడమా కుడీ సమానంగా ఉండే చుక్కల ముగ్గు ఎటు నుంచి గీసినా అదే ముగ్గు. ముందు పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుని, బాల్‌పెన్‌తో నొక్కి, తర్వాత గీతలు కలపడమే. మా వదిన చెయ్యి ముగ్గుకి అలవాటైన చెయ్యి, 5 చుక్కల ముగ్గు ఒక మూలకి రెండు నిమిషాల్లో వేసేసేది.

పెడన చెక్క అచ్చులు వాడొచ్చా అని కూడా అడుగుతున్నారు. మచిలీపట్నం కలంకారీకి వాడే టేకు అచ్చులు అవి, అంచు తీగలు ఎంత అందంగా ఉంటాయో. కాకపోతే అవి గుడ్డ కోసం చెక్కినవి, అక్కడ బల్ల మీద మెత్తగా పొరలు పరిచి అద్దుతారు. గట్టి బల్ల మీద కాగితం పెట్టి అద్దితే సగం పడదు. కింద దుప్పటి మడత వేసి, పిగ్మెంట్ ఇంకుతో అద్దితే చక్కగా వస్తుంది, ఆ మీద పౌడర్ మాత్రం చల్లకండి, ఇంకు సమంగా పడదు కాబట్టి మచ్చలు మచ్చలుగా కరుగుతుంది.

కాగితం సంగతి రెండిట్లోనూ ముఖ్యమే. హీట్‌కి 250 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో చెప్పే లెక్క) అయినా ఉండాలి, పలచనిది వేడికి వంకర తిరుగుతుంది, కరిగిన గీత మీద మడత వస్తే చిట్లుతుంది. డ్రైకి 200 నుంచి 250 చాలు. నూలు గుజ్జుతో చేసిన చేతి కాగితం దొరికితే ఇంకా లోతుగా లేస్తుంది. పైన రంగు పూత, లోపల తెలుపు ఉన్న కార్డులు మాత్రం నొక్కినచోట పగిలి తెల్లగా బయటపడతాయి, నొక్కేముందు వెనక కాస్త నీళ్లు చిలకరిస్తే పగుళ్లు తగ్గుతాయి. పోస్టులో పంపేవాళ్లు బరువు కూడా చూసుకోవాలి. ఏ4 షీటు అంటే చదరపు మీటరులో 16వ వంతు, 300 జీఎస్‌ఎం అయితే షీటు ఒక్కటే 18.75 గ్రాములు, కవరు కలిస్తే 20 గ్రాములు దాటేస్తుంది, దాంతో ఉత్తరానికి పోస్టు ఖర్చు పెరుగుతుంది. అదే 200 అయితే 12.5 గ్రాములే.

మళ్లీ చేయాల్సి వస్తే ఎలా చేస్తానంటే, లేత గంధం రంగు కార్డుకి అంచంతా బాల్‌పెన్ ముగ్గు గానీ ఫోల్డర్ గానీ, నడుమ ఒక్క ‘శ్రీ’ బంగారు పౌడర్‌తో. వరస ముఖ్యం, ముందు నొక్కుడు, తర్వాతే పౌడర్. తిరగేసి చేస్తే రోలర్ బరువుకి కరిగిన గీత నలిగిపోతుంది.

ఇంకో మాట, నాలుగు మూలలా పసుపు పెడతాం కదా. హీట్ ఎంబాసింగ్ మీద పసుపు నిలవదు, జారిపోతుంది. గృహప్రవేశం కార్డులకి మా వదిన పసుపులో రెండు చుక్కల నీళ్లు కలిపి, వేలితో మూల ముగ్గు మీద అలా పైపైన రాసింది. నొక్కని కాగితానికి పెద్దగా అంటలేదు, పైకి లేచిన చుక్కలూ గీతలే పచ్చబడి ముగ్గంతా బయటికి కనిపించింది. ఆ పూట మిగిలిన 119 కార్డులకీ అలాగే రాశాం.