ట్రాఫిక్‌లో అలసిపోని కారు, దాన్ని ఆపేసిన చిన్న బ్యాటరీ

నా కారులో నాకు అన్నిటికంటే నచ్చినవి అందులో లేని భాగాలే. క్లచ్ లేదు. స్టార్టర్ మోటారు లేదు. ఆల్టర్నేటర్ లేదు, దాన్ని తిప్పే బెల్టూ లేదు. గేర్లు మార్చే యంత్రాంగం అసలే లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి కారు వెతుక్కునేవాళ్లలో చాలామంది మైలేజీ అంకె దగ్గరే ఆగిపోతారు. ఏళ్ల తరబడి ఒకే కారును ట్రాఫిక్‌లో నడిపాక నేను మొదట చూసేది వేరు. అందులో అరిగిపోవడానికి ఏమేమి ఉన్నాయి, ఏమేమి లేవు అన్నదే చూస్తాను.

నాది పెట్రోలు హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజినూ ఎలక్ట్రిక్ మోటార్లూ కలిసి నడిపే కారు. ప్లగ్ పెట్టి చార్జ్ చేసే రకం కాదు, పెట్రోలు పోసి నడపడమే. సీట్లు, స్క్రీను, డిక్కీ కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టొయోటా ప్రియస్‌తో జనానికి పరిచయమైన ఏర్పాటు ఇది. నాది ఆ కారు కాదు గానీ లోపలి సూత్రం అదే. ఇంజినుకూ చక్రాలకూ నడుమ ఒక ప్లానెటరీ గేరు ఉంటుంది. నడిమి పళ్ల చక్రానికి ఒక ఎలక్ట్రిక్ మోటారు, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలను మోసే చట్రానికి ఇంజిను, బయటి వలయానికి రెండో మోటారూ కారు చక్రాలూ కలిసి ఉంటాయి. పళ్లన్నీ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. విడిపోయి మళ్లీ కలిసేది, జారేది, రాసుకుని కాలేది ఏదీ లేదు. మొదటి మోటారు వేగాన్ని కంప్యూటర్ సర్దుతూ ఉంటే, కారు ఏ వేగంలో వెళ్తున్నా ఇంజిను తనకు అనువైన వేగంలోనే తిరుగుతుంది. ఇంజినును నిద్ర లేపేదీ ఆ మోటారే, కరెంటు పుట్టించేదీ అదే. స్టార్టరూ ఆల్టర్నేటరూ విడిగా ఎందుకు లేవో దీన్నిబట్టి తెలుస్తుంది.

దీన్ని ఈ-సీవీటీ అంటారు. సీవీటీ అంటే మెట్లుగా గేర్లు మారకుండా నిష్పత్తి సాఫీగా మారే పెట్టె. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరిగే మామూలు సీవీటీతో దీనికి పేరులో తప్ప పోలిక లేదు. ఆ బెల్టు రకం మీద విన్న ఫిర్యాదులను తెచ్చి దీనికి అంటగట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. నా కారు కొన్నప్పటి నుంచి ఆ గేరు పెట్టె నన్ను అడిగింది ఆయిలు మార్పు మాత్రమే.

ఇక ట్రాఫిక్ సంగతి. సిగ్నలు దగ్గర పొడవాటి వరుసలో కారు అంగుళం అంగుళంగా జరుగుతున్నప్పుడు ఇంజిను ఆగిపోయి ఉంటుంది. మోటారే మెల్లగా ముందుకు లాగుతుంది. పక్కన ఉన్న బండ్లన్నీ నిలబడి పెట్రోలు తాగుతుంటే మనది ఊరకే కూర్చుంటుంది. ఎడమ మోకాలికి పని లేదు. గేరు వేసినప్పటి కుదుపు లేదు. సాయంత్రం ఇంటికి చేరాక ఒంట్లో ఇంకా ఓపిక మిగిలి ఉంటుంది చూడండి, దానికి వెల కట్టడం నాకు చేతకాదు. మామూలు కార్ల మైలేజీ పడిపోయేది ఇలాంటి ట్రాఫిక్‌లోనే. నా కారు అత్యుత్తమంగా ఇచ్చేదీ ఇక్కడే.

ఇంజిను కూడా కొంచెం భిన్నమైనది. 1882లో జేమ్స్ అట్కిన్సన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు వేసిన దారి అది. మండిన వాయువుకు వ్యాకోచించడానికి ఎక్కువ చోటిచ్చి, దాని నుంచి మరింత పని పిండుకోవాలన్నది ఆయన ఆలోచన. ఆయన దానికోసం చిక్కుముడి లాంటి లివర్లు పెట్టాడు. ఇప్పటి ఇంజిన్లలో గాలి లోపలికి వచ్చే వాల్వును కాస్త ఆలస్యంగా మూసి అదే ఫలితం రాబడుతున్నారు. ఇలాంటి ఇంజినుకు తక్కువ వేగంలో లాగే బలం తగ్గుతుంది. మోటారుకు మొదటి క్షణం నుంచీ ఉండే బలం సరిగ్గా అదే. ఒకరి కొరతను మరొకరు తీర్చుకునే ఈ జోడీ నాకు ఎప్పటికీ ముచ్చటే.

బ్రేకుల గురించి కొన్న కొత్తలో అందరికీ గొప్పగా చెప్పేవాడిని. పెడల్ మీద కాలు వేయగానే ముందు మోటారు జనరేటరుగా మారి వేగాన్ని కరెంటుగా తీసుకుంటుంది. ప్యాడ్లు పని చేసేది గట్టిగా తొక్కినప్పుడూ, దాదాపు ఆగేముందూ మాత్రమే. నా మొదటి జత ప్యాడ్లు ఎంతకాలం వచ్చాయంటే, చూసిన మెకానిక్ రెండుసార్లు కొలిచాడు. అది ఇప్పటికీ నిజమే. కానీ వాడకం తక్కువైన చోట తుప్పు చేరుతుంది. వెనక చక్రం ఒకదానికి ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ జారే పిన్ను బిగుసుకుపోయి, ప్యాడు ఒక వైపు మందంగా, మరో వైపు పలుచగా తయారైంది. అప్పటి నుంచి ప్యాడ్లు మందంగా ఉన్నా సరే, ఏటా ఒకసారి విప్పించి పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టిస్తున్నాను. ప్యాడ్ల మీద మిగిలిన డబ్బులో కొంత అటు పోతుంది.

ఇక నన్ను నిలబెట్టేసిన రోజు. కొన్ని వారాలు ఊళ్లో లేను. కారు ఇంటి దగ్గరే ఆగి ఉంది. తిరిగి వచ్చిన మర్నాడు ఉదయం అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. రిమోట్ నొక్కితే చప్పుడు లేదు. రిమోట్ లోపల దాచి ఉండే ఇనుప తాళంచెవితో డ్రైవరు తలుపు తీశాను. బటన్ నొక్కగానే డ్యాష్‌బోర్డు మసకగా వెలిగింది, ఉన్న హెచ్చరిక దీపాలన్నీ ఒకేసారి మెరిశాయి, ఎక్కడో టకటకమని రిలేలు, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులు, కొట్టుకున్నాయి, హైబ్రిడ్ వ్యవస్థను తనిఖీ చేయించమని ఒక సందేశం వచ్చింది, అంతలోనే అంతా చీకటి. అమ్మ చేతిసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. టాక్సీ పిలిచి ఇద్దరం వెళ్లాం.

దారిలో సర్వీసు సెంటరుకు ఫోను చేశాను. అవతలి మనిషి నేను చెప్పింది సగమే విని, "హైబ్రిడ్ బ్యాటరీ పోయినట్టుందండీ, మార్చాల్సిందే, లాగే బండి పంపిస్తాం" అన్నాడు. కారును చూడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. మోటార్లకు కరెంటిచ్చే ఆ పెద్ద బ్యాటరీయే కారు మొత్తంలో అతి ఖరీదైన భాగాల్లో ఒకటి. అలాంటి మాట ఫోనులో అంత తేలిగ్గా ఎలా అంటారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బండి పంపవద్దని చెప్పి, మధ్యాహ్నం తెలిసిన మెకానిక్‌ను ఇంటికి రమ్మన్నాను.

ఆయన వచ్చీ రాగానే, "అన్నా, ముందు చిన్న బ్యాటరీ చూద్దాం" అన్నాడు. చిన్న బ్యాటరీ అంటే అన్ని కార్లలో ఉండే 12 వోల్టులదే. నా కారులో అది డిక్కీ మూలన, అట్ట కింద ఉంటుంది. డిక్కీ తెరుచుకునేది కరెంటు మీద. కరెంటు ఇవ్వాల్సింది ఆ బ్యాటరీ! దాన్ని చేరుకోవాలంటే అదే పని చేస్తూ ఉండాలి. ఇలా గీసిన ఇంజనీరు ఎవరో గానీ, ఈ స్థితిలో కారు ముందు ఒక్క ఉదయం నిలబడి ఉంటే ఇంకోలా గీసేవాడు. అదృష్టం కొద్దీ బానెట్ తీసేది తీగ లాగుడు మీద. లోపల ఫ్యూజుల పెట్టె మూత తీస్తే, ఎర్రటి చిన్న కవరు కింద జంప్ స్టార్ట్ కోసం, అంటే బయటి బ్యాటరీ నుంచి కరెంటు అందించడానికి, ఒక లోహపు కొస ఉంది. మీటరు పెడితే 9 వోల్టులు కూడా లేదు. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 దాకా చూపిస్తుంది, 12కు వచ్చిందంటే దాదాపు ఖాళీ అయినట్టే.

ఆయన ఎర్ర కేబులును ఆ కొసకు, నల్ల కేబులును ఇంజిను మీది రంగు లేని ఇనుముకు తగిలించాడు. తారుమారైతే ఎలక్ట్రానిక్స్ పోతాయని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఇంజినును తిప్పేది పెద్ద బ్యాటరీ కాబట్టి ఇక్కడ భారీ కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్లను మేల్కొలిపితే చాలు. బటన్ నొక్కాను. కారు కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ దీపం వెలిగింది. స్క్రీను మీద పెద్ద బ్యాటరీ సగానికి పైగా నిండి ఉంది. కారు కదలడానికి కావలసిన శక్తి అన్ని వారాలూ అందులోనే ఉంది. నాకు ఆ క్షణంలో కోపమూ ఆనందమూ ఒకేసారి వచ్చాయి.

పెద్ద బ్యాటరీ వోల్టేజీ ప్రమాదకరమైనంత ఎక్కువ. రెండో, మూడో తరం ప్రియస్‌లలో ఒక్కొక్కటి 7.2 వోల్టుల చొప్పున 28 మాడ్యూళ్లను వరుసగా కలిపి 201.6 వోల్టులు తెచ్చేవారు. ఆపి ఉన్న కారులో ఆ కరెంటు పెట్టె దాటి రాకూడదని రిలేలతో తెంపి ఉంచుతారు. ఆ రిలేలను కలిపేది 12 వోల్టుల బ్యాటరీ. ఆ ఏర్పాటు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ప్రమాదం జరిగినప్పుడు మనుషులను కాపాడేది అదే.

నా ఫిర్యాదు వేరే. మామూలు కారులో బ్యాటరీ ముసలిదవుతుంటే ఉదయం స్టార్టర్ నీరసంగా తిరుగుతుంది, ఆ చప్పుడుతోనే మనకు కబురు అందుతుంది. ఇక్కడ స్టార్టర్ లేదు. రిలేలు, కంప్యూటర్లు చాలా తక్కువ కరెంటుతో మేల్కొంటాయి కాబట్టి, బలం సగానికి పడిపోయిన బ్యాటరీ కూడా రోజూ ఏమీ కానట్టే పని చేస్తుంది. ఒక రోజు చేయదు, అంతే. నేను ఇంతగా మెచ్చుకునే ఆ లేని భాగాల్లో ఒకటి, పోతూ పోతూ ఆ హెచ్చరికను కూడా పట్టుకుపోయింది. ఈ సంగతి తెలిసిన సర్వీసు సెంటరు ప్రతిసారీ ఆ బ్యాటరీని లోడ్ పెట్టి కొలవాలి. నా కాగితాల్లో ప్రతిసారీ "అన్నీ బాగున్నాయి" అని టిక్కు ఉంది. ఆ రోజు వరకూ దాన్ని ఎవరూ కొలిచిన జాడ లేదు.

లెక్క కూడా కష్టమేమీ కాదు. ఆగి ఉన్న కారులో అలారం, రిమోట్ రిసీవరు లాంటివి కలిసి 30 మిల్లీ ఆంపియర్లు తాగుతాయనుకుందాం. రోజుకు 0.72 ఆంపియర్-అవర్లు, నెలకు దాదాపు 22. ఇలాంటి కార్లలో పెట్టే 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కొత్తదైతే నెల తట్టుకుంటుంది. సగం బలం పోయినదైతే తట్టుకోదు. డిక్కీలో, అంటే క్యాబిన్ గాలిలోనే ఉంటుంది కాబట్టి నాది ఏజీఎం రకం (ఆమ్లం గాజు నూలు పొరల్లో ఇంకి ఉండే బ్యాటరీ), వాయువు బయటికి పోయే చిన్న గొట్టంతో సహా. కొత్తది కూడా అదే రకం వేయించాను. కారును కదపని వారాల్లో ఎవరో ఒకరు దాన్ని గంటసేపు రెడీలో ఉంచేలా ఇంట్లో చెప్పి పెట్టాను. చార్జింగ్ జరిగేది రెడీలోనే. రేడియో మాత్రమే పలికే స్థితిలో అది ఖాళీ అవుతుంది. ఆ తర్వాత మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

మైలేజీ గురించి అడిగేవాళ్లకు నా జవాబు ఇప్పుడు కొంచెం మారింది. ట్రాఫిక్‌లో దీని ముందు నిలిచే పెట్రోలు కారు నేను చూడలేదు. హైవే మీద మాత్రం ఆ తేడా బాగా తగ్గిపోతుంది. నిలకడగా వేగంగా వెళ్తున్నప్పుడు బ్రేకుల నుంచి తిరిగి రాబట్టుకునేది ఏమీ ఉండదు. గాలి ఎదురు నెట్టే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని ఏ హైబ్రిడ్డూ తప్పించుకోలేదు. దగ్గర ప్రయాణాలూ దీనికి సరిపడవు. ఇంజినూ, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరూ వేడెక్కేదాకా, అవసరం ఉన్నా లేకపోయినా ఇంజిను నడుస్తూనే ఉంటుంది. అవి వేడెక్కేలోగా గమ్యం వచ్చేస్తే హైబ్రిడ్ లాభం రుచి చూడకుండానే దిగిపోతాం. స్క్రీను చూపే అంకె కంటే, ట్యాంకు నింపి కిలోమీటర్లతో వేసుకున్న లెక్క నా దగ్గర ఎప్పుడూ కొంచెం తక్కువే వస్తుంది. నిటారు ఎక్కుడులో యాక్సిలరేటర్ అణిచి తొక్కితే ఇంజిను ఒకే స్థాయిలో అరుస్తుంది, వేగం ఆ వెనక నిదానంగా వస్తుంది. పికప్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇది నచ్చదు.

వెనక సీటు పక్కన ఉండే గాలి రంధ్రాన్ని కూడా చెప్పాలి. పెద్ద బ్యాటరీ చల్లబడేది దాని గుండానే. అక్కడ జాలీలో దుమ్మూ నూలుపోగులూ పేరుకుంటే ఫ్యాను గట్టిగా మోగుతుంది, బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. సంచులు, దుప్పట్లు దాని మీద పడకుండా చూసుకుంటూ, జాలీని అప్పుడప్పుడు శుభ్రం చేయిస్తాను. ఇంతవరకు పెద్ద బ్యాటరీ జోలికి ఎవరూ పోవలసిన అవసరం రాలేదు. పాతది కొనేవాళ్లు ముందుగా ఆ జాలీని చూడమని చెబుతాను. దాన్ని పట్టించుకోని యజమాని మిగతావి పట్టించుకుని ఉంటాడని నేను నమ్మలేను.

మా అక్క ఇదే కారు కొనమంటావా అని అడిగింది. ఆమె కారు తీసేది వారాంతాల్లోనే, అదీ ఎక్కువగా హైవే మీద. టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజిను, చేత్తో వేసే గేర్లు, టైమింగ్ బెల్టు కాకుండా చెయిను ఉన్నది తీసుకోమన్నాను. ఆమె వాడకానికి హైబ్రిడ్ మీద పెట్టే అదనపు డబ్బు తిరిగి రావడం కష్టం. పైగా వారమంతా ఆగి ఉండే కారులో ఆ చిన్న బ్యాటరీ సంగతి నాకు తెలుసు.

నా రోజు వేరు. ఆఫీసు దూరం, దారంతా సిగ్నళ్లు, మోకాలికి క్లచ్ పడదు, కారు దాదాపు రోజూ కదులుతుంది. ఈ నాలుగూ ఉన్నంతకాలం దీన్ని మార్చే ఆలోచన లేదు. ఆఫీసు దగ్గరికి ఇల్లు మారే మాట మా ఇంట్లో నడుస్తోంది. అది ఖాయమైతే ప్రయాణం పది నిమిషాలకు కుదించుకుపోతుంది, ఇంజిను వేడెక్కేలోపే చేరిపోతాను. అప్పుడు కూడా ఈ కారే సరైనదని ఇప్పుడే మాట ఇవ్వలేను.