గిటార్ వాల్యూమ్ నాబ్‌కి మళ్ళీ పని దొరికింది

గిటార్ యాంప్‌ల (యాంప్లిఫయర్ల) శబ్దాన్ని కంప్యూటర్‌లోనే పలికించే న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ వాడబట్టి రెండేళ్ళు దాటింది. ఉచితమని అందరికీ తెలుసు, ఎలా ఎక్కించుకోవాలో కూడా తెలుసు. నాకు చెప్పాలనిపించింది గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్ గురించి.

అంతకుముందు నా దగ్గర ఒక ప్రాసెసర్ పెడల్ ఉండేది. డిస్టార్షన్ పెట్టి గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే, అదే గరగర కాస్త చిన్నగా వినిపించేది, అంతే. దాంతో ఆ నాబ్‌ని పదిమీదే వదిలేసేవాణ్ణి. ఈ మోడలర్‌లో క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయన్ మే టోన్ కోసం, ముందు ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలని పెంచే పెడల్) పెట్టి తీసిన వాక్స్ ఏసీ30 యాంప్ క్యాప్చర్, అంటే ఆ యాంప్ శబ్దాన్ని నకలు తీసిన ఫైల్, వేసుకున్నాను. నాబ్ పదిమీద ఉంటే సోలో పాడుతుంది. ఐదుకి దించితే కార్డ్‌లో ఒక్కో తీగా విడిగా వినిపిస్తుంది. ఆయన పద్ధతీ ఇదే: యాంప్ వాల్యూమ్ పూర్తిగా పెంచేసి, మిగతాదంతా గిటార్ నుంచే నడుపుతాడు. ఎప్పుడో చదివిన విషయమే, చేతికి తెలిసింది మాత్రం ఇప్పుడు. ఆయనలా నాణెంతో వాయిద్దామని రూపాయి బిళ్ళ తీస్తే, "ముడుపులోది తీసినావా?" అని అమ్మ గదమాయించింది.

ఇంత పొగుడుతున్నాను గానీ, మొదటి నాలుగు నెలలు దీన్ని తిట్టని రోజు లేదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా అద్దె గదిలో వాయిస్తే కందిరీగల తుట్టె కదిలినట్టుండేది. కింద ఉండే ఓనరమ్మ మెట్ల దాకా వచ్చి, "ఏం నాయనా, మిక్సీ చెడిపోయిందా?" అని అడిగింది. గిటార్ పికప్ (తీగల కంపనాన్ని పట్టే భాగం) మీద అనుమానంతో దాన్ని కూడా మార్పించాను. తీరా చూస్తే తప్పు నాదే. నేను దింపుకున్న క్యాప్చర్‌లో యాంప్ హెడ్ (స్పీకర్ లేని యాంప్ భాగం) ఒక్కటే ఉంది. స్పీకర్ క్యాబినెట్, దాని ముందు పెట్టిన మైకు శబ్దం ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) అనే ఫైల్‌గా విడిగా వేయాలి. ఆ గడి ఖాళీగా వదిలేశాను. 12 అంగుళాల గిటార్ స్పీకర్ దాదాపు 5 వేల హెర్ట్జ్ దాటాక పలకడం బాగా తగ్గిపోతుంది. ఆ వడపోత లేకపోతే పైనున్న గరుకంతా నేరుగా చెవిలో పడుతుంది. సెలెస్షన్ బ్లూ స్పీకర్ ఐఆర్ వేసిన రాత్రి అన్నం సంగతి మర్చిపోయి రెండింటిదాకా వాయించాను. ఓనరమ్మ భయంతో హెడ్‌ఫోన్స్ పెట్టుకునే.

నాబ్ మాట వింటుందన్నాను కదా, అదీ గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్ స్థాయి) సరిగ్గా పెట్టుకున్నప్పుడే. ఎక్కువైతే ఐదు మీద కూడా గరగర పోదు. పైగా క్యాప్చర్ అంటే ఒక సెట్టింగ్‌కి తీసిన ఫొటో లాంటిది. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హాలెన్, వేరియాక్ అనే పరికరంతో కరెంటు వోల్టేజీ తగ్గించి మార్షల్ యాంప్ వాయించేవాడు. మే నెలలో మా వీధి ట్యూబ్‌లైట్లు చూసినవాళ్ళకి ఆ సంగతి వివరించక్కర్లేదు. ఆ వోల్టేజీని ఇంకాస్త దించి చూద్దామంటే ఇక్కడ తిప్పడానికి ఏమీ లేదు, మరో క్యాప్చర్ వెతుక్కోవాలి. నా ఆదివారాలు సగం ఆ వెతుకులాటకే పోతున్నాయి.

నా ల్యాప్‌టాప్ పాతది. స్టాండర్డ్ రకం క్యాప్చర్లు వేస్తే చిటపటలాడుతుంది కాబట్టి తేలికైన ఫెదర్ రకంతో సర్దుకుంటున్నాను. మంచి కంప్యూటర్ ఉన్నవాళ్ళకి ఈ బాధ ఉండకపోవచ్చు. గదిలో ఒంటరిగా వాయించుకునే నాలాంటివాడికి ఇది చాలు. గంగమ్మ జాతరలో ఆర్కెస్ట్రాతో వాయించమని పిలిస్తే మాత్రం, కరెంటునీ ల్యాప్‌టాప్‌నీ కలిపి నమ్మే ధైర్యం లేక ఆ పాత పెడలే సంచిలో వేసుకుని పోతున్నాను.