ప్రోస్టేట్ సూదితో వచ్చే వేడి ఆవిర్లు: నేను వాడి చూసినవి

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మూడు నెలలకోసారి ల్యూప్రోలైడ్ సూది వేయించుకుంటున్నాను. ఉండేది పర్లాకిమిడిలో, వైద్యం విశాఖపట్నంలో. సూది వల్ల వచ్చే వేడి ఆవిర్లకి డాక్టరు రాసే మాత్రలు కాకుండా ఇంకా ఏవేవి చేశానో, ఏది ఎంతవరకు పనికొచ్చిందో రాస్తున్నాను. మగవాళ్లు ఈ మాట నలుగురిలో ఎత్తరు. ఎత్తకపోవడం వల్ల బాధ ఎక్కువవుతోందని నా నమ్మకం.

మాఘమాసం తెల్లవారుజామున కూడా ఛాతీలో మొదలై మెడ మీదుగా ముఖానికి సెగ ఎగబాకేది. బనియను తడిసిపోయేది. ఆ వెంటనే వణుకు. జ్వరమేమోనని థర్మామీటరు పెడితే ఏమీ ఉండేది కాదు. అదేమిటో మొదట పోల్చుకున్నది మా ఆవిడ. "ఏమండీ, ఇది జ్వరం కాదు. ముట్లు ఆగిపోయిన కొత్తలో నాకూ ఇలాగే భగ్గుమనేది. మీకు చెప్పలేదంతే" అంది.

ఆమె అన్నది నిజమే, కారణం ఇద్దరికీ దగ్గరదగ్గరగా ఒకటే, హార్మోన్ పడిపోవడం. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌ని ఆపితే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని 1941లో డాక్టరు చార్లెస్ హగిన్స్ చూపించాడు. 1966లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఈ సూది చేసే పని ఆ హార్మోన్‌ని ఆపడమే. అది పడిపోగానే ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం తికమకపడి, కాస్త వేడికే చెమట పట్టించి చల్లబరచాలని చూస్తుంది. సూది బదులు ఆపరేషన్ చేసి వృషణాలు తీసేసినా ఆవిర్లు తప్పవు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది నెమ్మదిగా ఊపిరి తీయడం. సెగ మొదలవుతోందని తెలియగానే, ముఖానికి ఎక్కకముందే, కూర్చుని భుజాలు వదిలేసి పొట్టతో ఊపిరి తీస్తాను. నిమిషానికి ఆరేడు ఊపిర్లు, వదలడం తీయడం కన్నా పొడుగ్గా. శీతలి ప్రాణాయామం కూడా చేస్తాను. నాలుక దొన్నెలా మడిచి నోటితో గాలి పీల్చి ముక్కుతో వదలడం. దీనివల్ల ఆవిర్లు రావడం తగ్గలేదు. కానీ వచ్చినప్పుడు కలిగే కంగారు, నలుగురిలో ఉంటే సిగ్గు, గుండె దడ, ఇవి బాగా తగ్గాయి. ఆవిరి దానంతటది దిగిపోతుందని ఒంటికి తెలిసొచ్చింది. రోజూ పొద్దున, పడుకునే ముందు సాధన చేస్తేనే అవసరానికి అందుతుంది. అప్పటికప్పుడు మొదలుపెడితే అందదు.

ఇలాంటి మనసు తర్ఫీదు మీద ఇంగ్లండులో 68 మంది మగవాళ్లతో ఒక అధ్యయనం జరిగింది. ఆలోచనలు మార్చుకోవడం, ఊపిరి, నిద్ర పద్ధతి ఇంటి దగ్గరే నేర్చుకునేలా పుస్తకం, సీడీ ఇచ్చారు. ఆరు వారాలకి ఆవిర్లు పెట్టే బాధ బాగా తగ్గింది. 32 వారాలు వచ్చేసరికి ఈ తర్ఫీదు ఇవ్వనివాళ్లు కూడా కొంత సర్దుకోవడంతో రెండు గుంపుల మధ్య తేడా పోయింది. అయినా మొదటి నెలలే కదా నరకం. అప్పుడు పనికొస్తే నాకు చాలు.

రాత్రి ఏర్పాట్లు చిన్నవే గానీ నిద్ర నిలిపినవి అవే. పరుపు మీద ప్లాస్టిక్ కవరు తీసేశాం. నూలు దుప్పట్లు రెండు పల్చనివి, ఒకదాని మీద ఒకటి. మంచం పక్కన పొడి బనియను, తువ్వాలు. కరెంటు పోతే తాటాకు విసనకర్ర. రాత్రి కారం పులుసులు, వేడి టీ మానేసి తరవాణి అన్నానికి దిగాను. పక్కింటి ఒడియా వాళ్లు పొఖాళొ అంటారు, మనం చేసుకునే చద్దే. ఇది ఆవిర్లకి మందని అనను. వేడి వేడి తిండి సెగని రేపుతుంది, చల్లటి తిండి రేపదు, అంతే. సోయా గింజలు, మీల్ మేకర్ కూడా తిన్నాను. తేడా లేదు. మగవాళ్ల మీద పరీక్షించినప్పుడు కూడా సోయా ప్రొటీను ఉత్తుత్తి పొడి కన్నా మెరుగ్గా ఏమీ చేయలేదు.

ఆక్యుపంక్చర్, అంటే ఒంటి మీద సన్నటి సూదులు గుచ్చే వైద్యం, విశాఖలో చేయించుకున్నాను. చేయించుకున్నన్నాళ్లూ రాత్రులు కాస్త నయంగా ఉండేవి, మానేశాక మళ్లీ మామూలే. గుణుపురం ప్యాసింజరులో అంత దూరం ఉక్కలో వెళ్లి రావడం ఈ వయసుకి భారం. మగవాళ్ల మీద జరిగిన పరిశోధనలూ చిన్నవే. విశాఖలోనే ఉండేవాళ్లు చేయించుకోవచ్చు. మీ ముందే కొత్త సూదుల ప్యాకెట్ విప్పమనండి, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి.

ఇక పొడులు, చూర్ణాలు. ఈ విషయంలో నాకు కోపమే. బంధువులు ప్రేమతో అశ్వగంధ, శిలాజిత్ డబ్బాలు తెచ్చారు, "నీరసం పోతుంది బావా" అని. అశ్వగంధ టెస్టోస్టెరాన్‌ని పెంచినట్టు కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. ఏ హార్మోన్ని ఆపడానికి ఇంత బాధ పడుతున్నామో దాన్నే పెంచే పొడి తినడం ఏం న్యాయం? ఆవిర్లకని ఆన్‌లైన్లో అమ్మే బ్లాక్ కోహోష్ అనే మూలిక వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. అమెరికాలో పీసీ-స్పెస్ అని ప్రోస్టేట్‌కి ఒక మూలికల మందు అమ్మేవారు. అందులో చెప్పకుండా కలిపిన వార్ఫరిన్ అనే రక్తం పల్చబరిచే మందు బయటపడి 2002లో వెనక్కి తీసుకున్నారు. ఆడ హార్మోన్ లాంటి మందు కూడా దాంట్లో దొరికింది. "మూలికే కదా" అనేవాళ్లకి నేను ఈ సంగతే చెబుతాను. ఏ డబ్బా వచ్చినా డాక్టరు గారికి చూపించాకే మూత తీస్తాను.

ఇవన్నీ చేసినా నిద్ర లేకపోతే మాత్రలు అడగండి. 2010లో వచ్చిన ఫ్రాన్స్ అధ్యయనంలో వెన్లాఫాక్సిన్, మెడ్రాక్సీప్రొజెస్టరాన్, సైప్రోటెరాన్ మూడూ ఆవిర్లు తగ్గించాయి, చివరి రెండూ ఇంకా ఎక్కువగా. ఒక్కోదానికి ఒక్కో ఇబ్బంది ఉంది గనక గుండె, కాలేయం సంగతి చూసి డాక్టరే తేల్చాలి. తర్వాతి సూదికి వెళ్లినప్పుడు రాత్రికి ఎన్నిసార్లు లేస్తున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ సంగతి తెలిపే రక్తపరీక్ష) బాగుందని చెప్పి పంపేసే హడావిడిలో వాళ్లు అడక్కపోవచ్చు, మీరే చెప్పండి.