విండ్ ఫామ్ పెట్టే ముందు గాలిని కొలవడానికి మాస్టా, లైడారా? ఏది మేలు?

మా బాబాయి కొడుకు బెంగళూరులో విండ్ ప్రాజెక్టుల పనిలో కొత్తగా చేరాడు, మొన్న ఆదివారం చెన్నైకి మా ఇంటికొచ్చి "అన్నా, ఈఆర్ఏ5 డేటా ఫ్రీగానే దొరుకుతుంది కదా, ఇంక ఏడాది పాటు మాస్ట్ పాతి కూర్చోడం దేనికి?" అనడిగాడు. పదేళ్లుగా గాలి లెక్కలే చూస్తున్నా కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. మాస్ట్ అంటే గాలి కొలిచే పరికరాలు బిగించిన ఎత్తైన స్తంభం, లైడార్ అంటే నేల మీంచి లేజర్‌తో గాలిని కొలిచే పెట్టె.

ఈఆర్ఏ5 అంటే ప్రపంచమంతటి పాత వాతావరణాన్ని కంప్యూటర్ మోడల్‌తో లెక్కగట్టిన డేటా. మంచిదే, 1940 నుంచి గంట గంటకీ ఉంది, కాకపోతే మ్యాప్ మీద ఒక్కో గడి సుమారు 31 కిలోమీటర్ల వెడల్పు. మీ కొండ, దాని పక్క లోయ, అవతలి చెరువు అన్నీ ఆ ఒక్క గడిలోనే కలిసిపోతాయి. మీరు కొలిచిన ఏడాది గాలి ఎక్కువున్న ఏడాదా తక్కువున్న ఏడాదా అని సరిచూసుకోడానికి వాడండి, అది ఒక్కటే నమ్మి టర్బైన్ ఎక్కడ పెట్టాలో మాత్రం తేల్చకండి.

ఇక అసలు పోటీ మాస్ట్‌కీ లైడార్‌కీ. మాస్ట్ మీద కప్పులు తిరుగుతూ నేరుగా గాలిని కొలుస్తాయి, బ్యాంకు వాళ్లు కూడా దాన్నే ఎక్కువ నమ్ముతారు. కష్టమల్లా ఎత్తుతోనే. మాస్ట్ 80 మీటర్లది, ఇప్పటి టర్బైన్ హబ్ (రెక్కలు కలిసే మధ్య భాగం) ఏమో 140 మీటర్లలో ఉంటే మధ్యలో ఉన్నదంతా అంచనానే. 80 దగ్గర సెకనుకి 6.5 మీటర్లు వచ్చిందనుకోండి, షియర్ (పైకి పోయేకొద్దీ గాలి వేగం ఎంతలా పెరుగుతుందో చెప్పే అంకె) 0.14 అని తీసుకుంటే పైన 7.0 వస్తుంది, అదే 0.25 అయితే దాదాపు 7.5. చూడ్డానికి అర మీటరే గానీ శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కదా, అంటే గాలిలోని శక్తి 20 శాతం తేడా! ప్రాజెక్టు నిలబడాలా మునగాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

లైడార్‌కి ఆ బాధ లేదు, కింద పెట్టెలోంచి లేజర్ పంపి గాలిలోని ధూళి కణాల మీంచి తిరిగొచ్చిన కాంతిని బట్టి 200 మీటర్ల దాకా వేగం చెప్పేస్తుంది, జీపులో వేసుకుని ఇంకో చోటికి మార్చుకోవచ్చు కూడా. సముద్రంలో అంత ఎత్తు మాస్ట్ కట్టడం మాటలు కాదు కాబట్టే 2017లో మన చెన్నై పళ్లికరణైలోని నివే (జాతీయ పవన శక్తి సంస్థ) వాళ్లు ఖంభాత్ గల్ఫ్‌లో లైడారే పెట్టారు. కానీ అది నాలుగు వైపులా గాలి ఒకేలా ఉందని అనుకుని లెక్క కడుతుంది, తూత్తుకుడి లాంటి చదును నేల మీద అది సరిపోతుంది, మన అనంతపురం కొండల అంచున గాలి వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ కొన్ని శాతం తప్పొస్తుంది. పైగా కరెంటు కావాలి. ఒకసారి నవంబరు వానల్లో సోలార్ ప్యానెల్‌కి ఎండ లేక బ్యాటరీ పడిపోయి మాకు మూడు వారాల డేటా పోయింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకో తప్పు కూడా చూస్తుంటాను, లైడార్ అద్దె ఎక్కువని జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు నెలలే పెట్టి ఏడాదికి లెక్కేసేస్తారు. ఆడి (జూలై, ఆగస్టుల్లో వచ్చే తమిళ నెల) గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని ఇక్కడ సామెతే ఉంది, ఆ నెలల గాలి చూసి ఏడాదంతా అంతే అనుకుంటే ఎలా?

చదును నేలైతే లైడార్, పన్నెండు నెలలూ ఉంచగలిగితేనే. మావాడి సైట్ కొండ, డబ్బు ఒక్కదానికే ఉంది, అందుకే 120 మీటర్ల మాస్టే వేయమన్నాను, ఇంకాస్త దొరికితే దాని పక్కనే కొన్నాళ్లు లైడార్ పెట్టి రెండూ సరిపోల్చి తర్వాత మిగతా గట్లకి తిప్పమన్నాను. మాస్ట్ మాత్రం ఏప్రిల్ కల్లా నిలబెట్టేయాలి, ఆ తర్వాత గాలి మొదలైతే మనుషులు పైకెక్కడం ప్రమాదం.