వెస్ట్‌మినిస్టర్‌లో 1945 ఎన్నికల నడక: తప్పక వెళ్ళండి, ఒక లోటు మాత్రం ఉంది

లండన్‌లో గైడు వెంట నడిచే పర్యటనలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం దయ్యాలు, రాజులు, హంతకుల కథలే. ఒక చిన్న సంస్థ శనివారాల్లో నడిపే ఈ పర్యటన మాత్రం మొత్తం ఒకే ఎన్నిక చుట్టూ తిరుగుతుంది. యుద్ధంలో గెలిపించిన చర్చిల్‌ను దించి, బ్రిటన్ ఓటర్లు లేబర్ పార్టీకి 393 స్థానాలు కట్టబెట్టిన 1945 ఎన్నిక అది. టికెట్ 18 పౌండ్లు, సమయం రెండు గంటలు.

వెస్ట్‌మినిస్టర్ స్టేషన్ దగ్గర బయలుదేరి ముందుగా వైట్‌హాల్‌లో ఒక బాల్కనీ కింద ఆగాం. ఐరోపాలో యుద్ధం ముగిసిన మే 8న చర్చిల్ ఈ విజయం మీదేనని జనంతో అన్నది అక్కడి నుంచే. రెండు నెలలు తిరగకముందే, జులై 5న, ఆ జనం ఆయన పార్టీని ఓడించారు. మా గైడు రిటైరైన ఉపాధ్యాయురాలు. ఇక్కడ ఏమాత్రం తొందరపడలేదు. యుద్ధానికి ముందటి నిరుద్యోగం, అందరికీ సామాజిక భద్రత కావాలన్న 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక, బాంబులకు కూలిన ఇళ్ళు, సోషలిస్టులు, అంటే లేబర్ వాళ్ళు, వస్తే నాజీల రహస్య పోలీసు గెస్టపో లాంటిది పెట్టక తప్పదని చర్చిల్ రేడియోలో అన్న మాట, అన్నీ వివరించారు. యుద్ధం నడపడానికి ఆయన, ఇల్లు నిలబెట్టడానికి లేబర్ వాళ్ళు అని జనం విడదీసి చూసిన తీరు నాకు అక్కడే బోధపడింది.

విదేశాల్లోని సైనికుల ఓట్లు చేరాలి కాబట్టి లెక్కింపు జులై 26 దాకా ఆగింది. అంతవరకు పెట్టెలు సీలు మీదే ఉన్నాయి. ఈలోగా జర్మనీలోని పోట్స్‌డామ్‌లో మిత్రదేశాల నేతల సమావేశానికి చర్చిల్ లేబర్ నాయకుడు అట్లీని వెంట తీసుకెళ్ళారు. ఫలితాల కోసం ఇద్దరూ తిరిగొచ్చారు; మళ్ళీ ఆ బల్ల దగ్గర బ్రిటన్ ప్రధానిగా కూర్చున్నది అట్లీ.

నాకు అన్నిటికంటే నచ్చిన మజిలీ స్మిత్ స్క్వేర్. అప్పటి లేబర్ కార్యాలయం ట్రాన్స్‌పోర్ట్ హౌస్ ఈ కూడలి మూలనే ఉంది. కొత్త ఎంపీలు ముందు నాయకుణ్ణి ఎన్నుకోవాలని లేబర్ నేత హెర్బర్ట్ మోరిసన్ పట్టుబట్టారు. ఆలస్యం చేయకుండా ప్రధాని పదవి స్వీకరించడానికి రాజు దగ్గరికి వెళ్ళమని మరో లేబర్ నేత ఎర్నెస్ట్ బెవిన్ అట్లీకి చెప్పారు. ఆ సాయంత్రం చర్చిల్ రాజీనామా ఇచ్చి వెళ్ళిన కాసేపటికే, భార్య వయొలెట్ నడిపిన చిన్న కారులో అట్లీ బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు చేరుకున్నారు. ఊరేగింపు లేదు, హంగామా లేదు. ప్రభుత్వం మారిపోయింది.

ఇక లోటు. కథ 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవతో ముగిసిపోయింది, మన దేశం ఊసే రాలేదు. పార్లమెంట్ స్క్వేర్‌లో చర్చిల్ విగ్రహం ఉంది, 2015 నుంచి గాంధీ విగ్రహం ఉంది, అట్లీ విగ్రహం లేదు. 1947 ఫిబ్రవరి 20న, భారతదేశానికి అధికారం అప్పగించడానికి గడువు ప్రకటించింది ఎదుటి పార్లమెంటు భవనంలోనే, ఆ అట్లీయే. 1928లో సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజున మద్రాసులో ప్రకాశం పంతులుగారు పోలీసు తుపాకులకు రొమ్ము చూపారని మనకు తెలుసు. ఆ కమిషన్ సభ్యుల్లో అట్లీ కూడా ఒకరు. నేను అడిగితే గైడు ఎంతో ఓపికగా చెప్పారు. అంటే విషయం ఆవిడకు తెలియక కాదు, కథలో చోటు ఇవ్వలేదంతే. ఈ ఎన్నిక ఫలితం కోట్లమంది భారతీయుల జీవితాలను తాకింది, దానికి ఐదు నిమిషాలు కూడా కేటాయించకపోవడం నాకు బాధ కలిగించింది. అందుకే ఐదుకు నాలుగే ఇస్తున్నాను.

వెళ్ళేవారు గైడుకు దగ్గరగా నిలబడండి, వైట్‌హాల్‌లో బస్సుల రొదకు మాటలు సరిగా వినపడవు. దారిలో కూర్చోవడానికి చోటు తక్కువ కనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కష్టం. హైస్కూలు పిల్లలను మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి, భారతదేశం గురించి వాళ్ళ చేతనే అడిగించండి.