కురుసుర చూపిస్తామని తీసుకెళ్లి సోమవారం గేటు ముందు నిలబెట్టారు, ఆ టూర్ ప్యాకేజీతో జాగ్రత్త

విశాఖలో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. ఇది నాకు తెలియదు. మమ్మల్ని తీసుకెళ్లినవాడికి బాగా తెలుసు, తెలిసే ఆదివారం సాయంత్రం లైన్లో నిలబడ్డ మా బాపును చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. నిన్న రాత్రే ఇల్లు చేరాం, ఇంకా కోపం దిగలేదు, అందుకే రాస్తున్నా.

ట్రావెల్స్ పేరు రాయను. హన్మకొండ వాట్సాప్ గ్రూపుల్లో వారానికోసారి పడే ఆ వైజాగ్ పోస్టర్ మీరంతా చూసే ఉంటారు, పైన సబ్‌మెరైన్ ఫొటో, కింద 'ఆర్ట్ ఎగ్జిబిషన్ హాల్ సందర్శన'. మనిషికి 6,500, దానికి తోడు ఎంట్రీ టికెట్లకని తలా 300 ముందే కట్టించుకున్నారు. కాజీపేటలో శనివారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, ఆదివారం పగలంతా కైలాసగిరి, రుషికొండ, భోజనం, వాటి గురించి చెప్పేదేం లేదు.

అసలు వెళ్లిందే బాపు కోసం. భూపాలపల్లి బొగ్గు బాయిలో 32 ఏళ్లు అండర్‌గ్రౌండ్ చేసి దిగిపోయిన మనిషి. 91 మీటర్ల ఇనుప గొట్టంలో 75 మంది దాకా నెలల తరబడి ఎట్లా ఉన్నారు, గాలి ఎట్లా వచ్చేది, ఎక్కడ పడుకునేవాళ్లు, ఇదే ఆయనకు ధ్యాస. లోతులో ఉన్నంతసేపు బ్యాటరీల మీదే నడుస్తుందని, వాటిని చార్జ్ చేసే డీజిల్ ఇంజన్లు వేయాలంటే గాలి కోసం పైకి రావాలి, లేదా కాస్త కిందే ఉండి గాలి గొట్టమైనా నీళ్ల పైకి పెట్టాల్సిందేనని ఎక్కడో వీడియోలో విని నాకు రెండుసార్లు చెప్పాడు. 1969లో రష్యావాళ్ల దగ్గర నుంచి వచ్చింది, 71 యుద్ధంలో ఉంది, 2001లో నేవీ పక్కన పెడితే మరుసటి ఏడాదే బీచ్ మీదికి లాగి మ్యూజియం చేశారు, అన్నీ ఆయనకు నోటికే వచ్చు.

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో బస్సు ఆగగానే మాకంటే ముందు దిగి లైన్లో నిలబడ్డాడు. ముందు పదిహేను మంది కూడా లేరు. అప్పుడొచ్చాడు ఆ టూర్ పిలగాడు. "బాపూ, ఇప్పుడు లోపల ఊపిరాడదు, రేపు పొద్దున ఖాళీగా ఉంటది, నిమ్మలంగ చూపిస్త" అని నవ్వుతూ చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. బాపు వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఎక్కాడు. నేను అక్కడే ఉన్నా. ఒక్క మాట అనలేదు. ఫోన్‌లో సెలవు ఎప్పుడో చూడడానికి అర నిమిషం పట్టదు, అదీ చేయలేదు. ఆ తప్పు నాదే, దానికి నాకు నిద్ర పట్టడం లేదు.

అంత తొందరగా తీసుకుపోయింది ఎక్కడికంటే ఆ 'ఆర్ట్ ఎగ్జిబిషన్ హాల్'కి. మొదటి అంతస్తులో ఒక దుకాణం, గోడల నిండా ఓడలు, లైట్‌హౌస్‌లు, ప్రతి దానికీ ధర. లోకల్ ఆర్టిస్టులు చేత్తో వేసినవంటే మా ఆవిడ 3,800 పెట్టి తెరచాప పడవ బొమ్మ కొన్నది. ఇంటికొచ్చాక మా మరదలు చూసింది, చేర్యాల బొమ్మలు వేయడం కొన్నాళ్లు నేర్చుకున్న పిల్ల. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోమంది. పైన కుంచె గీతల్లా ఉబ్బెత్తుగా ఉన్నవి రంగు కాదు, రంగు లేని జిగురు. ఆ గీతలు పడవ అంచు దగ్గర ఆగకుండా తెరచాప మీదుగా ఆకాశంలోకి పోయాయి. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి పెద్దది చేస్తే కింద సన్న సన్న చుక్కలు, పత్రికలో ఫొటోకు ఉన్నట్టు. అచ్చు వేసిన బట్ట మీద జిగురు పూశారు, అంతే.

సోమవారం పొద్దున గేటుకు తాళం. అక్కడి వాచ్‌మన్ పాపం మర్యాదగానే చెప్పాడు, సోమవారం సెలవండీ, ఎప్పుడూ ఇంతే అని. మ్యూజియం వాళ్ల తప్పేం లేదు. నేను ఆ పిలగాణ్ని పట్టుకుని నీకు తెల్వదా అనడిగితే, "తెల్సన్నా, కానీ నిన్న హాల్ ఎనిమిదింటికి మూస్తరు గదా" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో. ఆ పైన, "లోపల ఏముంటదన్నా, అంత ఇనుమే గదా, ఇక్కడ నిలబడి ఫొటో దిగుండ్రి" అని బాపుతోనే అన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఫొటోకు కూడా నిలబడలేదు. కడ్డీలు పట్టుకుని ఆ నల్లటి సబ్‌మెరైన్‌ను కాసేపు చూసి, పోదాం పా బిడ్డా అన్నాడు. రైల్లో మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే ప్యాకేజీలో 'వీలును బట్టి' అని రాసి ఉందట. టికెట్ల 300 సంగతి అడిగితే ఫోన్ పెట్టేశారు.

వెళ్లేవాళ్లు ఆదివారమే ముందు కురుసుర చూసుకోండి, టికెట్ అక్కడ కౌంటర్లో మీరే కొనండి, బస్సువాడి చేతికి ఇవ్వకండి. హాల్ అని తీసుకుపోతే దిగొద్దు. బాపును వచ్చే నెల నేనే తీసుకెళ్తున్నా, మంగళవారం.