మా శాఖా గ్రంథాలయంలో వారోత్సవాలు: ‘గబ్బిలం’ చదివిన సాయంత్రం

కృష్ణా డెల్టాలోని మా ఊరి శాఖా గ్రంథాలయంలో నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగిన గ్రంథాలయ వారోత్సవాలకు ఈసారి ఏడు రోజులూ వెళ్లాను. సాహిత్యం, చరిత్ర, చిత్రలేఖనం అన్నింటికీ కరపత్రంలో చోటిచ్చారు. వాటిని చూడటానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: సభ ముగిశాక జనం చెప్పుల దగ్గరికి వెళ్లారా, పుస్తకాల బీరువా దగ్గరికి వెళ్లారా అన్నది.

ఆ కొలతకు పూర్తిగా నిలిచినది నాలుగో రోజు జరిగిన ‘గబ్బిలం’ పఠనం. గుర్రం జాషువా 1941లో వెలువరించిన ఈ కావ్యం గురించి ఉపన్యసించకుండా, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒకరు ఒక్కో పద్యాన్ని ముందు రాగం తీసి చదివి, తర్వాత పదాలు విడగొట్టి అర్థం చెప్పి, ఆ పైన వచ్చినవారి చేతనే చదివించారు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, అంటరానివాడని గుడి గడప తొక్కనివ్వని జాషువా నాయకుడు ఆ గుడిలోనే వేలాడే గబ్బిలంతో శివుడికి తన గోడు చెప్పి పంపుతాడు. నీకు శివుని చెవి దగ్గరగా ఉంటుంది, పూజారి లేని వేళ చూసి విన్నవించు అని వేడుకునే పద్యం దగ్గరకు వచ్చేసరికి, ముందు వరుసలో కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, “పూజారి లేనప్పుడే ఎందుకు చెప్పమన్నాడండీ?” అని అడిగింది. మాస్టారు జవాబు చెప్పకుండా, “నువ్వే మళ్లీ చదువమ్మా” అన్నారు. ఆ అమ్మాయి రెండోసారి చదువుతూ మూడో పాదం దగ్గర ఆగిపోయింది. ఆమెకు జవాబు దొరికిందని మా అందరికీ తెలిసింది. గ్రంథాలయాధికారి ముందుచూపుతో కావ్యం ప్రతులు నాలుగూ బల్ల మీద పెట్టి, పక్కనే ఇష్యూ రిజిస్టరు తెరిచి ఉంచారు. ఒక ప్రతిలో తేదీల చీటీ మీద ఏళ్ల నాటి ముద్రలు వెలిసిపోయి ఉండగా, వాటి కింద ఆ రాత్రి కొత్త ముద్ర పడింది.

మూడో రోజు గ్రంథాలయోద్యమంపై జరిగిన ప్రసంగంలో సరుకుంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ గురించి, దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య పడిన శ్రమ గురించి, 1935లో పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడిల మధ్య కాలువ మీద పడవలో నడిపించిన గ్రంథాలయం గురించి వక్త శ్రద్ధగా రాసుకొచ్చారు. అయితే రాసుకొచ్చిన కాగితం నుంచి తలెత్తకుండా చదివారు. కాలువ గట్టున పెరిగిన పిల్లలకు పడవలో వచ్చిన పుస్తకాల కథ చెప్పడానికి రేవుకు మించిన చోటు లేదు; వచ్చే ఏడాది ఆ సభను అక్కడే పెట్టమని కోరుతున్నాను.

ప్రారంభోత్సవం మాత్రం బాధ కలిగించింది. నాలుగు గంటలకని పిలిచిన పిల్లలను అతిథులు వచ్చే దాకా గంటన్నర కూర్చోబెట్టి, శాలువాలు, దండలు, వేదిక మీది మాటలు అయ్యాక, కథ చెప్పడానికి వచ్చిన ఆవిడకు పది నిమిషాలు మిగిల్చారు. చిత్రలేఖనం పోటీలో బహుమతులు ఇచ్చాక బొమ్మలన్నింటినీ కట్టకట్టి లోపల పెట్టేశారు. పఠన మందిరం గోడలు బోసిగా ఉన్నాయి. ఆరో రోజు స్థానిక చరిత్రపై మంచి చర్చ జరిగినా, అందులో ప్రస్తావనకు వచ్చిన పుస్తకాలున్న బీరువాకు తాళం వేసి ఉంది. రెండు శాఖలు చూసుకునే సిబ్బందిని తప్పుపట్టలేను గానీ, తాళంచెవి ఒకటి ఎవరికైనా అప్పగించి ఉండవలసింది.

కరపత్రంలో ప్రవేశం ఉచితమని వేశారు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం కనుక, అవి మన డబ్బుతో జరిగే సభలే. మొహమాటం లేకుండా వెళ్లండి, పిల్లలను తీసుకెళ్లండి, వేదిక మీద మాటలు తగ్గించి బల్ల మీద పుస్తకాలు పెంచమని సూచనల పుస్తకంలో రాయండి. నేను రాశాను. ‘గబ్బిలం’ ప్రతులు మరికొన్ని తెప్పించమని కూడా రాశాను, ఎందుకంటే ఆ రాత్రి నాలుగు ప్రతులూ వెళ్లిపోయాయి, అయిదో పేరు నాది.